భట్టిప్రోలు ఎవరి అమానత్?

తెనాలి స్టేషన్ బయట చాయ్ తాగుతుంటే పాత కొలీగ్ ఒకాయన అడిగాడు: "భట్టిప్రోలు దిబ్బ మీద మళ్లీ రాశారట. బుద్ధుడి గొడవ మీకెందుకు భాయ్?" నవ్వుతూనే అడిగాడు. అదే వారం జుమా నమాజ్ అయ్యాక మసీదు మెట్ల మీద చాచా వరసాయన ఒకరు అదే అడిగాడు: "బుత్‌ల సంగతి నీకెందుకు బేటా? మన ఖౌమ్ గురించి రాసుకో." ఆయన నవ్వలేదు. ఈ ఇద్దరికీ ఒకరి నీడ ఒకరికి గిట్టదు. నా విషయంలో మాత్రం ఏకమైపోయారు. కాబట్టి ఇద్దరికీ ఒకటే జవాబ్.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజర్ భట్టిప్రోలులో ఆగుతుంది. మా నానీ ఊరు రేపల్లె. చిన్నప్పుడు ఆ స్టేషన్‌ని వందసార్లు దాటాను. అక్కడ ఏముందో ఒక్కరూ చెప్పలేదు. ఊళ్లో ఆ మట్టిగుట్టకి పెద్దలు పెట్టిన పేరు లంజదిబ్బ. మరిచిపోయినదానికి తిట్టుపేరు పెట్టడం మనకి అలవాటే. ఆ తిట్టు రుచి మా మొహల్లా వాళ్లకి కూడా తెలుసు.

1892లో అలెగ్జాండర్ రే ఆ దిబ్బని తవ్వాడు. మూడు రాతి పేటికలు దొరికాయి. లోపల స్ఫటిక భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, బుద్ధుడివని నమ్మే ధాతువులు. పేటికల మీద ప్రాకృతంలో రాత. కుబిరకుడనే రాజు పేరుతో పాటు గోష్ఠి సభ్యుల పేర్లు, అంటే ఆ ఊరి పెద్దమనుషుల పేర్లు, వరసగా చెక్కి ఉన్నాయి. 1894లో బ్యూలర్ వాటిని చదివి అచ్చువేశాడు. రెండువేల ఏళ్లు దాటిన రాత అది.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. మా రాతలో జబర్, జేర్, పేష్ మామూలుగా పెట్టం. కాఫ్ ఒక్కటే రాస్తాం. అది 'క'నో 'కి'నో 'కు'నో చదివేవాడే పోల్చుకోవాలి. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకుంటే గుణింతం నా ప్రాణం తీసింది. మామూలు బ్రాహ్మిలో ఏ గీతా లేని హల్లులో 'అ' దానంతటదే ఉంటుంది. భట్టిప్రోలు పేటికలు చెక్కినవాడు ఆ 'అ'కి కూడా విడిగా గీత పెట్టాడు. మన తలకట్టుకి అదే ముత్తాత అని చెప్పేవాళ్లున్నారు. జబర్ రాయని బడి నుంచి వచ్చిన నాకు ఆ గీత చూసి ఒళ్లు జలదరించింది. చదివేవాడు తప్పు చదవకూడదని ఎవరో అంత ఫికర్ పడ్డాడు. ఈ రోజు నేను తెలుగు రాసి బతుకుతున్నాను. ఆయన నాకేమీ కాడని ఎవరు తీర్మానిస్తారు?

సరే, ఆ పేటికలు ఎక్కడున్నాయి? చెన్నై మ్యూజియంలో. ధాతువు 1920లో కలకత్తా ధర్మరాజిక విహారానికి చేరింది. అమరావతి పలకలు చెన్నైలో కొన్ని, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని. 1859లో ఓడెక్కినవి అక్కడే ఉండిపోయాయి.

వాట్సాప్ యూనివర్సిటీలో ఒక మెసేజ్ తిరుగుతుంటుంది: స్తూపాలు పగలగొట్టింది ఎవరో తెలుసా అని. తెలుసు సాబ్. భట్టిప్రోలు స్తూపం ఇటుకా రాయీ పీకి రోడ్డుకీ కాలవ పనులకీ వాడింది దొరల కాలపు ఇంజినీర్లు. అమరావతి దిబ్బని ఇటుకల కోసం తవ్వించింది కొత్త పట్నం కట్టుకుంటున్న జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. అయితే నేను సగం సచ్ చెప్పి తప్పుకోను. అక్కడి పలకల్ని మసీదుల మరమ్మతుకి తీసుకెళ్లారనీ, బొమ్మలు అరగదీసి మరీ వాడారనీ కల్నల్ మెకంజీ రాసిపెట్టాడు. మెసేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లు మొదటి రెండూ దాస్తారు. మనవాళ్లు మూడోది దాస్తారు. తారీఖ్‌ని ఇలా పంచుకుంటే ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.

చాచా, మన సంగతి రాసుకో అన్నారు కదా, రాస్తున్నా. మా దాదా ట్రంకుపెట్టెలో ఫార్సీ కాగితాలుండేవి. మొహర్లు వేసినవి. ఇంట్లో చదవగలిగినవాళ్లు లేరు. చెదలు పట్టాక, అల్లా పేరున్న కాగజ్ కాళ్ల కింద పడకూడదని ఓ పొద్దున్నే కాలవలో ఠండా చేశాం. ఆ గంప మోసింది నేనే. అందులో ఇనాం సనదు ఉందో, పెళ్లి కాబిన్‌నామా ఉందో ఇక తెలియదు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే దేశమంతా కాగితాలు చూపించమనే మాట మొదలైంది. ఆ రోజుల్లో అమ్మీ ఖాళీ ట్రంకుపెట్టె తెరిచి చూసి మళ్లీ మూసేది. దర్గాల్లో పాత సమాధి రాళ్ల మీద టైల్స్ వేస్తున్నాం. రాత మూసుకుపోతుంది, చందా ఇచ్చినవాడి పేరు మెరుస్తుంది. దీన్ని కూడా ఇంజినీర్లు చేశారా?

మా బడివాళ్లు ఒకసారి హైదరాబాద్ సాలార్‌జంగ్ చూపించారు. గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొడుతుంటే నోరు తెరుచుకుని నిలబడ్డాం. మేలిముసుగు రెబెక్కా ముందు మాస్టర్ మమ్మల్ని తొందరగా నడిపించారు. ఇటలీ పాలరాయి, చైనా పింగాణీ, ఈరాన్ తివాచీ చూసి వచ్చాం. మంచిదే, దునియా చూడాలి. కానీ ఆ దునియా మా ఊళ్లమీదుగానే నడిచిందని ఆ బస్సులో ఒక్కరికీ తెలియదు. నిజాంపట్నం అప్పట్లో పేటపూలి. 1606లో డచ్చివాళ్లు అక్కడ గిడ్డంగి పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఓడ గ్లోబ్ వచ్చి ఆగింది. గోల్కొండ సుల్తాన్ల రాజ్యం, చిరివేరు ఎరుపు అద్దిన మన బట్ట. ఇంకా వెనక్కి పోతే మోటుపల్లిలో 1244 నాటి గణపతిదేవుడి శాసనం: తుఫానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సరుకుని రాజు లాక్కోడు, మామూలు సుంకం మాత్రమే తీసుకుంటాడు. పరాయివాడి సొమ్ము పరాయివాడిదే అని ఒక తెలుగు రాజు రాయి మీద ఒప్పుకున్నాడు.

ఉర్దూలో మ్యూజియంని అజాయబ్ ఘర్ అంటాం. వింతల ఇల్లు. ఆ పేరుతోనే నాకు పేచీ. వింతని చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. అమానత్ అలా కుదరదు. దాచమని ఇచ్చినదాన్ని అడిగినప్పుడు చూపించాలి, ఎవరిదో వాళ్లకి లెక్క చెప్పాలి. తెలుగు దస్తావేజుల్లో కూడా ఎక్కిన మాటే అది.

కాబట్టి నేనడిగేది పెద్దదేం కాదు. 2022లో బాపట్ల జిల్లా అయింది. జిల్లా కేంద్రంలో ఒక మంచి హాలు కావాలి. చెన్నై పేటికల అచ్చమైన నకళ్లు అందులో ఉండాలి, ఏడాదికి కొన్నాళ్లయినా అసలువి అప్పుగా రావాలి. పక్కన మోటుపల్లి శాసనం అచ్చు, పేటపూలి ఓడల కథ. ఇంకో గోడకి మన ఇళ్లలో మిగిలిన ఫార్సీ, ఉర్దూ కాగితాల ఫొటోలు. చిట్టీలు తెలుగులో, ఉర్దూలో. మసీదు కమిటీలకి నా మాట ఒక్కటే: టైల్స్ వేసేముందు రాయికి ఫొటో తీయించండి. ఈ మట్టి ఇంకా ఇస్తూనే ఉంది. 2019లో తెనాలికి దగ్గర్లోని చేబ్రోలు గుళ్లో మరమ్మతులు చేస్తుంటే శాతవాహన విజయుడి సంస్కృత శాసనం బయటపడలేదా?

కొలీగ్ సాబ్, బుద్ధుడి గొడవ నాకెందుకని అడిగారు. మీరు ఎన్నిసార్లు వెళ్లారు భట్టిప్రోలు? చాచా, మీరు? వచ్చే ఇత్వార్ నేను మా అమ్మాయిని తీసుకుని పాసింజర్ ఎక్కుతున్నా. పేటికల మీది అక్షరాలు కాగితం మీద దించి పెట్టుకున్నాను, దిబ్బ దగ్గర కూర్చుని ఇద్దరం కూడబలుక్కుంటాం. సీట్లు ఖాళీగానే ఉంటాయి. ఇద్దరూ రండి. చాయ్ నాది.