సెలవులకు సరస్సు గట్టున కాటేజీ: ముందు అడగవలసిన మాట

వేసవి సెలవులు రాగానే మన అనంతపురం ప్రాంతపు కుటుంబాలు చల్లని చోటు కోసం చూస్తాయి. కొందరు హార్సిలీ కొండకు, కొందరు ఊటీకి, కొందరు కొడైకెనాల్‌కు వెళ్ళి, వీలైతే నీళ్ళ దగ్గరే కాటేజీ అద్దెకు తీసుకుంటారు. ఇది డబ్బున్నవారి సరదా అని కొందరంటారు. మేము అలా అనుకోము. ఏడాదంతా ఎండలో, పనిలో, ఇంట్లో రోగి సేవలో అలసినవారికి నాలుగు రోజుల విశ్రాంతి ఆరోగ్యానికి అవసరమే.

కొడైకెనాల్ పుట్టిందే ఆరోగ్యం కోసం. మదురైలోని అమెరికన్ మిషనెరీలు జబ్బులతో తమవారిని పోగొట్టుకొని, 1845లో ఆ కొండమీద ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడి సరస్సు అప్పటికి లేదు. మదురై కలెక్టరుగా పనిచేసిన వేర్ హెన్రీ లెవింజ్ 1863లో కట్ట వేయించి దానిని ఏర్పరచారు. అంటే అదీ మన బుక్కరాయసముద్రం చెరువులాగా మనుషులు కట్టిన చెరువే.

అయితే ఒక తేడా ఉంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. మన పిల్లల్లో చాలామందికి చెరువంటే క్రికెట్ ఆడుకునే మైదానం. ఈత నేర్చుకునే నీళ్ళు వారికి దొరకలేదు. అలాంటి పిల్లలను తీసుకెళ్ళి నీటి గట్టున వదిలితే వారికి సంతోషమే గానీ లోతు తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2021లో సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగోవంతు 5 ఏళ్ళలోపు పిల్లలు. మునిగే బిడ్డ చాలాసార్లు కేక కూడా వేయలేదు. పెద్దలు పక్కనే మాటల్లో ఉండగానే అంతా జరిగిపోతుంది.

గనుక కాటేజీ అద్దె ఎంత, టీవీ ఉందా, వేడినీళ్ళు వస్తాయా అని అడిగే ముందు ఇవి అడగండి: ఇంటికీ నీటికీ మధ్య కంచె ఉందా? గేటుకు పిల్లలకు అందని గడియ ఉందా? పడవలో పిల్లలకు సరిపోయే లైఫ్ జాకెట్లు ఇస్తారా? దగ్గరలో ఆసుపత్రి ఎక్కడ? వీటికి జవాబు చెప్పలేని యజమానికి అద్దె తీసుకునే హక్కు లేదని మా అభిప్రాయం. కంచె అలంకారం కాదు, ఇంటికి తలుపెంతో అదీ అంతే.

కంచె ఉన్నా కాపలా మనదే. "అందరూ చూస్తున్నారులే" అంటే ఎవరూ చూడడం లేదన్నమాట. గంటకొకరు చొప్పున పెద్దలు వంతులు వేసుకోండి. వంతులో ఉన్నవారు సెల్ ఫోన్, మద్యం, పేకాట ముట్టకూడదు.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. తాడు, చీర, మూత బిగించిన ఖాళీ క్యాను ఏది దొరికితే అది విసరండి. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా తిప్పవద్దు, కడుపు నొక్కి నీళ్ళు కక్కించవద్దు. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఊది, 30 సార్లు రొమ్ము నొక్కి 2 సార్లు ఊదడం కొనసాగించండి. ఇంకొకరు వెంటనే 108కు ఫోన్ చేయాలి. బిడ్డ తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిందే.

ఇది కొండలకు వెళ్ళేవారి సంగతి మాత్రమే కాదు. హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు జీడిపల్లి జలాశయానికి చేరుతున్నాయి. ఎన్నో ఏళ్ళు ఎండిన చెరువులు నిండితే మనకు పండుగే. ఆ పండుగ ఏ ఇంటికీ దుఃఖం కాకుండా ఉండాలంటే 6 ఏళ్ళు దాటిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఈత నేర్పాలి. ఆడపిల్లలకెందుకు అనవద్దు, నీళ్ళకు ఆ తేడా తెలియదు. బడులూ, సంఘాలూ, తల్లిదండ్రులూ ఈ సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టాలని మేము కోరుతున్నాము.