దీపాల కింద దారి ఎవరిది?

డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే పొద్దు గుంకుతుంది. మళ్లీ సూర్యుడు కనిపించేది ఉదయం ఎనిమిదికి, అదీ మబ్బు పట్టకపోతే. పదహారు గంటల ఆ రాత్రికి ఎదురు నిలిచినట్టుగా నగరం నడిబొడ్డున నవంబరు నుంచే క్రిస్మస్ దీపాలు వెలుగుతాయి. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని చెట్టు దగ్గర బయల్దేరి, కోవెంట్ గార్డెన్ మీదుగా పికడిల్లీ సర్కస్ చేరి, రీజెంట్ స్ట్రీట్ వంపు తిరిగి, కార్నబీ సందుల్లోంచి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోకి వచ్చి, బాండ్ స్ట్రీట్‌లో వెలిగే తోరణాల కింద నడక ముగించేవాళ్లు రోజూ వేలల్లో ఉంటారు. ఈ దారి పొడుగునా ఎవరూ టికెట్ అడగరు. లోపల కొనే స్తోమత లేనివాడు కూడా బయట అంత వెలుగులోనూ నడవొచ్చు. కానీ రీజెంట్ స్ట్రీట్‌కు చేరేసరికి ఒక లోపం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ రెక్కలు విప్పిన దేవదూతలు రోడ్డుకు అడ్డంగా, సరిగ్గా నడిమధ్యన వేలాడుతుంటారు. ఒకరి వెనక ఒకరుగా ఆ వరసంతా కంటికి ఆనాలంటే రోడ్డు మధ్యలో నిలబడాలి. ఆ చోటు బస్సులదీ టాక్సీలదీ. దీపాలు చూడ్డానికే వచ్చిన మనిషి అంచున, కాలిబాట మీద, వెనకవాళ్ల తోపుడుకు కదిలిపోతూ, మెడ పక్కకు తిప్పి చూడాలి. డిసెంబరు వారాంతపు సాయంత్రాలైనా రీజెంట్ స్ట్రీట్‌నూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌నూ పూర్తిగా నడిచేవాళ్లకు వదిలిపెట్టాలని నా వాదన.

ఈ వెలుగు వెనక ఉన్న చీకటిని ముందు గుర్తు చేసుకోవాలి. 1939 సెప్టెంబరు నుంచి దాదాపు అయిదేళ్లు లండన్‌లో రాత్రిపూట వీధి దీపాలు మామూలుగా వెలగలేదు. జర్మన్ బాంబర్లకు దారి కనబడకూడదని కిటికీలకు నల్లగుడ్డలు కట్టుకుని బతికారు. ఆ కాలంలోనే, హిట్లర్ సేనలు నార్వేను ఆక్రమిస్తే అక్కడి రాజు ఏడవ హాకోన్, ఆయన ప్రభుత్వం లండన్‌లో తలదాచుకుని పోరాటం సాగించారు. అందుకు కృతజ్ఞతగా 1947 నుంచి ప్రతి ఏటా నార్వే రాజధాని ఓస్లో ఒక స్ప్రూస్ చెట్టును పంపుతోంది. ఓస్లో చుట్టూ ఉన్న అడవిలో ఎంపిక చేసి, నవంబరులో లాంఛనంగా కొట్టి, ఓడ మీద సముద్రం దాటించి తెచ్చే ఆ చెట్టు 20 మీటర్లకు పైనే ఉంటుంది. నార్వే పద్ధతిలో పైనుంచి కిందికి నిలువుగా దీపాల దండలు కడతారు, అంతే. గంటలూ బంతులూ మెరుపు కాగితాలూ ఉండవు. ఈమధ్య కొన్నేళ్లుగా చెట్టు పలచగా ఉందనీ, బక్కచిక్కి వచ్చిందనీ ఎగతాళి చేయడం అలవాటైపోయింది. నాకది బాధ కలిగిస్తుంది. ఆ నడకలో కనిపించే వేల దీపాల్లో ఏ సరుకునూ అమ్మజూపనివి బహుశా ఇవే. యుద్ధంలో చేసిన మేలును ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఏటేటా తలుచుకోవడం ఎన్ని నగరాలకు చేతనవుతుంది?

ఆ చెట్టు కింద నిలబడి క్రిస్మస్ పాటలు వినగలగడానికి మరో కారణం ఉంది. 2003 దాకా ట్రఫాల్గర్ స్క్వేర్ చుట్టూ అన్ని వైపులా వాహనాలు తిరిగేవి. నెల్సన్ స్తంభం, సింహాలు, ఫౌంటెన్లు అన్నీ ట్రాఫిక్ మధ్య చిక్కిన లంకలా ఉండేవి. ఆ ఏడాది నేషనల్ గ్యాలరీ ముందున్న రోడ్డును మూసి, చౌరస్తాలోకి వెడల్పాటి మెట్లు కట్టారు. పక్క రోడ్లు స్తంభించిపోతాయని అప్పుడు గోల జరిగింది. ఇవాళ ఆ మెట్ల మీదికి మళ్లీ బస్సుల్ని తోలమని అడిగేవాళ్లు కనబడరు. కోవెంట్ గార్డెన్ కథ కూడా దీనికి దగ్గరే. 1974లో కూరగాయల మార్కెట్ నైన్ ఎల్మ్స్‌కు తరలిపోయాక ఆ ప్రాంతాన్ని పడగొట్టి రోడ్లు, ఆఫీసులు కట్టాలన్న పథకాన్ని స్థానికులే పోరాడి ఆపారు. మార్కెట్ భవనం 1980లో కొత్తగా తెరుచుకుంది. ఇప్పుడు అక్కడ పిల్లలు చెయ్యి విడిపించుకుని పరుగెత్తినా తల్లిదండ్రులకు గుండె ఆగినంత పని కాదు. దీపాల నడకలో మనిషి నింపాదిగా ఆగి, తల పైకెత్తి, పక్కవాళ్లతో మాట కలిపే చోట్లు ట్రఫాల్గర్, కోవెంట్ గార్డెన్, కార్నబీ. మూడూ వాహనాలను బయట పెట్టిన చోట్లే.

ఇదంతా దుకాణదారుల ఎర కదా, దాని కోసం రోడ్డు మూయడమేమిటి అని కొందరు అడుగుతారు. ఎర అన్నమాట నిజమే. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లయినా క్రిస్మస్‌కు లండన్ వీధులు వెలవెలబోతున్నాయని పత్రికలో వచ్చిన ఒక వ్యాసం చదివి, 1954లో రీజెంట్ స్ట్రీట్ వ్యాపారులు సొంత ఖర్చుతో మొదటిసారి దీపాలు కట్టించారు. మాంసం మీద రేషన్ ఎత్తేసి బ్రిటన్ రేషన్ కాలానికి పూర్తిగా తెర దించింది ఆ ఏడాది జులైలోనే. అన్నేళ్లు కటకటలాడిన జనం చేతుల్లో డబ్బు ఆడుతోందని వ్యాపారులకు తెలుసు. అయిదేళ్లకు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అదే బాట పట్టింది. తర్వాత ప్రకటనలు చొరబడ్డాయి. 2009లో రీజెంట్ స్ట్రీట్ దీపాల్లో డిస్నీ సినిమా ప్రచారం వెలిగింది, 2013లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మీద మార్మైట్ అనే రొట్టెకు రాసుకునే పదార్థం పేరు మెరిసింది. పండగ ఆకాశాన్ని అమ్మకానికి పెట్టడం నాకూ మింగుడు పడలేదు. ఇప్పుడు రీజెంట్ స్ట్రీట్‌లో ఉన్న దేవదూతలు 1954 నాటి అలంకరణను తలపించేలా 2016 నుంచి వచ్చినవి, వాటి మీద ఏ సరుకు పేరూ లేదు. విమర్శించినవాళ్లు ఊరుకోకపోవడం వల్ల కూడా ఆ మార్పు వచ్చిందని నా నమ్మకం. అయినా, ఎవరు డబ్బు పెట్టారన్నదాన్ని బట్టే ఒక వస్తువు ఎవరిదో తేలదు. మన ఊళ్లలో ఏ షావుకారో తన పేరు కోసం తవ్వించిన బావిలో ఊరంతా నీళ్లు తోడుకుంటే అది ఊరి బావే అయింది. కొనమని పిలిచే దీపం కిందే కొననివాడు కూడా నడుస్తున్నంత కాలం అది ఊరి దీపమే.

ఆ స్థితి ఎల్లకాలం ఉంటుందని భరోసా లేదు. క్యూ గార్డెన్స్‌లో 2013 నుంచి క్రిస్మస్ దీపాల దారి నడుస్తోంది. చాలా అందంగా చేస్తారు, కానీ టికెట్ ఉండాలి. నలుగురున్న కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. హైడ్ పార్క్‌లో 2007లో మొదలైన వింటర్ వండర్‌ల్యాండ్ పండగ సంతకు చాలాకాలం ఊరికే వెళ్లి తిరిగి రాగలిగేవారు. ఇప్పుడు రద్దీ వేళల్లో లోపల అడుగు పెట్టాలంటేనే డబ్బు కట్టాలి. నిర్వహణ ఖర్చులున్నాయంటారు, కాదనను. కానీ పండగ వెలుగు ఒక్కొక్కటిగా కంచెల వెనక్కి పోతోందన్నది కళ్లముందే ఉంది. కంచె వేయలేనిది వీధి ఒక్కటే. ఆ వీధిలో నడక నరకమైతే జనం కంచె లోపలికే పోతారు, పోలేనివాళ్లు ఇంట్లో కూర్చుంటారు. అందుకే కాలిబాట ఇరుకును చిన్న అసౌకర్యంగా కొట్టిపారేయలేను.

రోడ్డు మూయడానికి వచ్చే అభ్యంతరాల్లో నేను అన్నిటికన్నా బరువైనదిగా చూసేది వృద్ధుల, వికలాంగుల విషయం. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బస్సు లేకపోతే కర్ర పట్టుకుని నడిచేవాళ్లు దుకాణం దాకా ఎలా చేరతారు? 2018లో ఆ వీధిని పాదచారులకు ఇవ్వాలన్న పథకాన్ని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ పక్కన పెట్టినప్పుడు చుట్టుపక్కల నివాసులు మరో మాట కూడా చెప్పారు: వాహనాలన్నీ మేరిల్‌బోన్, ఫిట్జ్‌రోవియా సందుల్లో పడతాయని. రెండూ తీసిపారేయాల్సిన మాటలు కావు. అయితే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. 2022లో ఎలిజబెత్ లైన్ రైలు మార్గం మొదలైంది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌కు చేరువలో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, బాండ్ స్ట్రీట్ స్టేషన్లలో మెట్లెక్కే పని లేకుండా లిఫ్టులో పైకి రావొచ్చు. పైగా నేనడిగేది ఏడాదంతా కాదు, కొన్ని సాయంత్రాలు. అసలు ఇప్పటి ఏర్పాటు వృద్ధులకు ఏమంత మేలు చేస్తోంది? డిసెంబరు శనివారం సాయంత్రం ఆ రద్దీలో బస్సు నడక కన్నా నెమ్మదిగా కదులుతుంది, దిగాక కాలిబాట మీద నిలబడే చోటుండదు. హౌన్స్‌లోలోనో ఈస్ట్ హామ్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, అత్తామామలు ఈ జనంలో తరచూ కనిపిస్తారు. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులకోసారి ఆగాల్సిన పెద్దావిడకు ఆ తోపులాటలో ఆగే వీలెక్కడిది? రోడ్డు ఖాళీ చేసి మధ్యమధ్య బెంచీలు వేస్తే ఆగుతూ, చూస్తూ, మనవడిని పక్కన పెట్టుకుని నడవగలుగుతుంది.

రోడ్డు మూస్తే జనం మరింత పోగవుతారు, ప్రమాదం కదా అనేవాళ్లూ ఉన్నారు. ప్రమాదం జనం సంఖ్యలో ఎంత ఉందో, వాళ్లకు దొరికే జాగాలోనూ అంతే ఉంది. 2022 అక్టోబరులో సియోల్‌లోని ఇటేవాన్‌లో 159 మంది ప్రాణాలు పోయింది ఇరుకు సందులో జరిగిన తొక్కిసలాటలోనే. మరోవైపు 2016 డిసెంబరులో బెర్లిన్ క్రిస్మస్ సంత మీదికి లారీ తోలి మనుషుల్ని చంపారు. ఈ రెండు ఘోరాలూ కలిపి చెప్పేది ఒకటే: గుంపు దగ్గరికి వాహనం రాకూడదు, గుంపుకు విడిపోయే చోటు ఉండాలి. రీజెంట్ స్ట్రీట్‌లో ఇప్పుడు ఈ రెంటికీ విరుద్ధంగా జరుగుతోంది. జనాన్ని గోడకు నెట్టి, వాళ్లకు జానెడు దూరంలో బస్సుల్ని నడుపుతున్నారు.

కరెంటు వృథా అన్న విమర్శకు ఎక్కువ చోటివ్వను. 2022లో ఇంధన ధరలు మండిపోయినప్పుడు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ ఎల్‌ఈడీ దీపాలను మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకానే వెలిగించారు. నడకకు లోటేమీ రాలేదు. ఆ పద్ధతినే కొనసాగిస్తే సరి. ఒక మతం పండగకు ఊరి రోడ్డు ఎందుకివ్వాలన్న ప్రశ్నకు ఆ నగరమే ఆచరణలో జవాబిస్తోంది. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో దీపావళి జరుపుతారు, యూదుల హనుక్కా దీపస్తంభం వెలిగిస్తారు. 2023 నుంచి పికడిల్లీ సర్కస్ పక్కన కోవెంట్రీ స్ట్రీట్‌లో రంజాన్ దీపాలు వెలుగుతున్నాయి. క్రిస్మస్‌కు వీధిని నడిచేవాళ్లకు ఇచ్చే ఏర్పాటు ఒకసారి కుదిరితే, మిగతా పండగలు అదే మర్యాదను అడగడానికి దారి ఏర్పడుతుంది, అడగాలి కూడా.

ఇది సాధ్యమేనా అని సందేహించేవాళ్లకు లండన్ గతంలోనే జవాబుంది. 2005 నుంచి కొన్నేళ్లపాటు డిసెంబరులో ఒక శనివారం ఇవే వీధులకు వాహనాలు రాకుండా ఆపి జనానికి ఇచ్చారు. 2013 తర్వాత కొన్ని వేసవుల్లో జులై ఆదివారాలు రీజెంట్ స్ట్రీట్‌ను మూశారు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌ను పాదచారులకు ఇవ్వాలన్న పథకాన్ని మేయర్ సాదిక్ ఖాన్ 2024లో మళ్లీ పైకి తీశారు, 2025 సెప్టెంబరులో ఒక ఆదివారం రోడ్డు మూసి చూపించారు కూడా. హైదరాబాద్‌లోనూ 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపినప్పుడు పిల్లాపాపలతో కుటుంబాలు తరలివచ్చాయి. జంటనగరాలను కలిపే అంతటి రోడ్డును ఆపగలిగినప్పుడు, నేల కింద అన్ని రైళ్లున్న లండన్‌కు ఎందుకు కష్టం? వేసవి వెలుతురులో, సెప్టెంబరు ఎండలో ఇచ్చిన వీధిని, అసలు అవసరమైన డిసెంబరు చీకట్లో తిరిగి తీసుకోవడం నాకు అర్థం కాదు. ఏడాదిలో ఒక్క రోజు, డిసెంబరు 25న, లండన్‌లో బస్సులూ ట్యూబ్ రైళ్లూ పూర్తిగా ఆగిపోతాయి. ఆ రోజు రీజెంట్ స్ట్రీట్ మధ్యలో నిలబడి దేవదూతలను చూడొచ్చు. కానీ దూరాన ఉన్న, కారు లేని మనిషికి అక్కడికి చేరే సాధనమే ఉండదు.

మొదట రీజెంట్ స్ట్రీట్‌తో మొదలుపెట్టాలి. ఆ వీధిలో భవనాలు దాదాపు అన్నీ రాచరిక ఆస్తులను చూసుకునే క్రౌన్ ఎస్టేట్ అధీనంలో ఉన్నాయి కాబట్టి ఒప్పించాల్సిన యజమానులు తక్కువ. డిసెంబరు శని, ఆదివారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది దాకా చాలు. అంబులెన్సుకూ ఫైరింజనుకూ ఒక వరుస ఖాళీగా ఉంచి, రెండు చివరలా లారీని ఆపగల అడ్డుకట్టలు పెట్టి, బస్సులను మళ్లించే దారిని నెల ముందే ప్రకటించి, నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు అందుబాటులో ఉంచాలి. మరుగుదొడ్లు తప్పకుండా కావాలి, ఏమీ కొననివాడికి దుకాణంలో ఆ వెసులుబాటు దొరకదు. ఈ ఖర్చులో కొంత, దీపాలు కట్టించే వ్యాపార సంఘాలే భరించాలి. వీధికి వచ్చే జనం వల్ల లాభపడేది వాళ్లే, ఇంతకాలం ఆ జనాన్ని అంచున నిలబెట్టిందీ వాళ్ల దీపాలే.