ముసలితనమా, వ్యాధియా?

అరువది యేండ్లు దాటిన రైతు పొలముగట్టుమీద నాలుగడుగులు నడచి ఆయాసముతో కూలబడినచో, చూచినవారు "వయసు మీద పడినది గదా" యని ఊరడించి తమ పనికి తాము పోవుదురు. కాళ్లు వాచినను వయసే. రాత్రి పరుండినప్పుడు ఊపిరి సలుపకున్నను వయసే. ఒకనాటి యుదయమున మూతి వంకరపోయి చేయి పడిపోయినను, "ముసలితనమున ఇట్టివి రాకపోవునా" యనుటయే. ఎద్దు మేత మానినచో పశువైద్యునికి కబురంపుదుము. పైరు ఆకు పచ్చబారినచో కారణము విచారింతుము. ఇంటి పెద్ద విషయమున మాత్రము ఆ విచారణ లేదు. వయసు వేరు, వ్యాధి వేరు అనియు, ఈ రెంటిని వేరుపరచి చూపెడి సాధనము ప్రతి సహకార సంఘమునందును ఉండవలెననియు మేము ఈ వ్యాసమున మనవి చేయదలచితిమి.

గుండెజబ్బు పట్టణవాసులది, కూర్చుండి తినువారిది యను భావము మన గ్రామములలో గట్టిగా నాటుకొనియున్నది. 2003, 2004 సంవత్సరములలో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో సంభవించిన మరణములకు గల కారణములను ఆరోగ్య కార్యకర్తలు ఇంటివారిని అడిగి వ్రాసికొనగా, వైద్యులు వానిని పరిశీలించిరి. ఆ గ్రామముల జనసంఖ్య సుమారు 1,80,000. నూరు మరణములలో 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన కలిగినవని తేలినది. అంటువ్యాధులవలన కలిగినవి సుమారు 12 మాత్రమే. మన తాతలు కలరాకు, మశూచికి భయపడిరి. వాని స్థానమును నేడు సద్దుచేయని వేరొక శత్రువు ఆక్రమించియున్నాడు.

ఆ శత్రువు పనిచేయు విధమును రైతు సులభముగా గ్రహింపగలడు. పిడికిలియంత గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును తోడుచు, దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. రక్తము పోవు ధమనులు గొట్టములవంటివి. కొత్త రబ్బరు గొట్టము నీటి ఒరవడికి కొంత సాగి, మరల యథాస్థితికి వచ్చును. ఏండ్లతరబడి ఎండలో పడియున్న గొట్టము గట్టిపడి సాగదు. అప్పుడు భారమంతయు గొట్టపుగోడలమీదను, తోడెడి మోటారుమీదను పడును. వయసుతో ధమనులు కొంత గట్టిపడుట నిజమే. కాని ఉప్పు, పొగాకు, మద్యము, స్థూలకాయము దానికి తోడైనప్పుడు ఆ ఒత్తిడి మితిమీరును. దీనినే రక్తపుపోటు అనియు, వాడుకలో బి.పి. అనియు చెప్పుచున్నాము. ఆ పోటుకు ఎదురుగా తోడితోడి గుండెకండ మొదట దళసరియై, పిదప బలహీనమగును. మెదడులోని నాళము పగిలినను, పూడినను పక్షవాతము వచ్చును. మూత్రపిండములు చెడును. విచిత్రమేమనగా, ఇంత హాని జరుగుచున్నను తరచుగా ఎట్టి బాధయు తెలియదు. బాధ లేని వ్యాధిని కొలిచియే తెలిసికొనవలెను గాని వేరు మార్గము లేదు.

పోటు వయసుతో వచ్చెడి సహజధర్మమని ఒకప్పుడు గొప్ప వైద్యులే తలచిరి. దానిని తగ్గించుట హానికరమని బోధించినవారును కలరు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టునకు 1944 మార్చిలో పోటు 186/108 అని వైద్యులు కనుగొనిరి. ఆనాడు దానిని అదుపుచేయు మంచి మందు లేదు. 1945 ఏప్రిల్ 12వ తేదీన, 63 యేండ్ల వయస్సున, మెదడులో రక్తస్రావమై ఆయన మరణించెను. లోకములోకెల్ల గొప్ప వైద్యసహాయము కలవానికి ఆనాడు లభింపనిది నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా లభించుచున్నది.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో చెప్పుట అవసరము. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీలు మన దేశపు సర్పగంధ మూలికతో పోటును తగ్గించిన అనుభవమును ప్రకటించి లోకము దృష్టి నాకర్షించెను. పిదప మంచి మందులు అనేకము వచ్చినవి. అమెరికాలో మాజీ సైనికుల వైద్యశాలలు సహకరించి చేసిన పరిశోధన 1967లో వెలువడినది. తీవ్రమైన పోటుగల 143 మంది పురుషులలో 73 మందికి నిజమైన మందును, 70 మందికి మందువలె కనిపించు ఉత్త బిళ్లలను ఇచ్చిరి. ఉత్త బిళ్లలు మ్రింగినవారిలో 27 మందికి తీవ్రమైన అపాయములు కలుగగా, మందు మ్రింగినవారిలో ఇద్దరికి మాత్రమే కలిగినవి. "ఎనుబదియేండ్ల ముసలికి మాత్రలేల?" యనువారికి 2008లో సమాధానము వచ్చినది. ఎనుబదియేండ్లు దాటిన వేలకొలది వృద్ధులకు పోటును తగ్గింపగా, మరణములు నూటికి 21 వంతులు తగ్గినవి.

వయసుతో పోటు పెరిగి తీరవలెనను నియమము కూడ లేదు. 1988లో ప్రకటింపబడిన, 32 దేశములలో జరిగిన పరిశీలనలో బ్రెజిలు అడవులలోని యనొమామి జాతివారు చేరియున్నారు. వారికి ఉప్పు తినుట దాదాపు తెలియదు. వారి పోటు తక్కువగానే యుండి, వయసుతో పెరుగుట లేదని కనుగొనిరి. మనమందరము అడవులకు పోవలెనని మా యభిప్రాయము కాదు. మనము వయసుమీద మోపుచున్న నేరములో కొంత పాలు మన ఉప్పుజాడీదని మాత్రమే చెప్పుచున్నాము. పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోపుగా, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ, ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆవకాయ, మాగాయ, అప్పడములు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, వీనితోనే ఆ చెంచా నిండిపోవును; కూరలోనిది, మజ్జిగలోనిది అదనము. ఊరగాయను విడువుమని తెలుగువానికి చెప్పుట వ్యర్థమని మే మెరుగుదుము. మూడుపూటలా వేసికొనువారు ఒకపూటకు తగ్గించుకొనుడని ప్రార్థించుచున్నాము.

చైనాలోని 600 గ్రామములలో చేసి 2021లో ప్రకటించిన పరిశోధన మనకు మిక్కిలి ఉపయోగకరము. సగము గ్రామములలో మామూలు ఉప్పునకు బదులు, నాలుగవవంతు పొటాషియము లవణము కలిపిన ఉప్పును కొందరికి పంచిరి. వారు పూర్వము పక్షవాతము వచ్చినవారును, పోటుగల వృద్ధులును. సుమారు ఐదేండ్లలో వారికి పక్షవాతము నూటికి 14 వంతులు తగ్గినది. మూత్రపిండముల జబ్బుగలవారికిని, కొన్ని మాత్రలు వాడువారికిని ఇట్టి ఉప్పు అపాయకరము కావున, వైద్యుని అడుగక వాడరాదు. పొలమునకు వేయు పొటాషు ఎరువును ఎట్టి పరిస్థితిలోను వంటకు వాడరాదని ప్రత్యేకముగా హెచ్చరించుచున్నాము.

"మేము రెక్కలు ముక్కలు చేసికొనువారము, మాకు గుండెజబ్బేమి?" యని రైతులు ప్రశ్నింతురు. కాయకష్టము గుండెకు మేలే. కాని నాగలి పట్టిన చేతిలోనే చుట్టయు, బీడీయు ఉన్నచో, ఒకటి కట్టినదానిని రెండవది కూల్చును. "మాత్రలు మొదలుపెట్టిన జీవితాంతము మ్రింగవలెను గదా" యనునది మరియొక అభ్యంతరము. నిజమే. పంట పండువరకు తడులు పెట్టుట మానుదుమా? ఒక తడి పెట్టి, పైరు పచ్చగా నున్నదని కాలువ కట్టివేయువానిని మనము తెలివిగలవా డనము. పోటు దిగినదని మాత్రలు మానుటయు అట్టిదే. దిగినది మాత్రలవలననే గదా. తగ్గింపవలెనన్నను, మానవలెనన్నను వైద్యుడే చెప్పవలెను.

ఇక సంఘముల కర్తవ్యమునకు వత్తము. ముప్పది యేండ్లు దాటినవారికెల్ల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో పోటు చూచెడి యేర్పాటు ఉన్నదే, సంఘమేల యని యడుగవచ్చును. రోగము ముదిరిననే గాని రైతు ఆరోగ్య కేంద్రమునకు పోడు. విత్తనములకు, ఎరువులకు, పంటఋణమునకు సంఘమునకు రాక తప్పదు. వచ్చినచోటనే ఐదు నిమిషములు కూర్చుండబెట్టి కొలిచినచో, తెలియని పోటు తెలియును. చేతికి పట్టీ చుట్టి కొలుచు యంత్రము కొన్ని వేల రూపాయలకు దొరకును. సామాన్య హిత నిధికి ఇంతకంటె తగిన వినియోగము మాకు కానరాదు. సభ్యుడు చుట్ట గాని, టీ గాని త్రాగిన అరగంటవరకు కొలువరాదు. వీపునకు ఆనుకొని, చేయి గుండె ఎత్తున నుంచి, రెండుమారులు కొలువవలెను. వేరువేరు దినములలో 140/90 లేక అంతకు మించి యున్నచో, చీటి వ్రాసి ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. సభ్యునితోపాటు భార్యయు, తల్లిదండ్రులును రావలెను. ఇంటి స్త్రీల పోటును ఎవరును విచారింపకున్నారు.

ఒక నియమము మాత్రము ముఖ్యము. కొలిచిన అంకెలు సభ్యుని చేతిపుస్తకములోనే యుండవలెను. సంఘపు చిట్టాలో ఎక్కరాదు. గుండె బలహీనమని తెలిసినచో అప్పు పుట్టదేమో యను శంక కలిగిన నాడు ఒక్కడును చేయి చాపడు. ఋణము మంజూరుకు ఈ అంకెలతో సంబంధము లేదని సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలెను.

సహకార సంఘములకు ఇది తగని పని యనువారు కర్ణాటకమును చూతురు గాక. అచ్చట 2003లో అమలునకు వచ్చిన యశస్విని పథకమున సహకార సంఘముల రైతులు నెలకు 5 రూపాయల చొప్పున చెల్లించి, గుండె శస్త్రచికిత్సలు సైతము చేయించుకొనగలిగిరి. 2018లో అది వేరొక పథకమున కలుపబడి, 2022లో పునరుద్ధరింపబడినది. శస్త్రచికిత్సకే సంఘములు పూనుకొనగా, ముందుగా కొలుచుటకు మనము వెనుదీయ నేల?

రొమ్ములో బరువు, చెమటలు, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకెడి నొప్పి కలిగినను, మూతి వంకరపోయినను, మాట తడబడినను, చేయి పడిపోయినను, తెల్లవారనిమ్మని ఆగక 108కి కబురు చేయవలెను. కొన్ని పక్షవాతములకు నాలుగున్నర గంటలలోపల పెద్దాసుపత్రి చేరినచో రక్తపుగడ్డను కరగించు మందు ఈయగలరు.

రైతుసోదరులారా! ఇంటి పెద్ద మంచము పట్టినచో ఒక్క మనిషి పని మాత్రమే ఆగదు. చేను కౌలుకు పోవును, అప్పు నిలిచిపోవును, ఆయన ఎరిగిన నేల గుణమును నేర్పువారు లేకపోవుదురు. రాబోవు సర్వసభ్య సమావేశమున యంత్రము కొనుటకు ఒక తీర్మానమును, అంకెలను గోప్యముగా నుంచుటకు వేరొక తీర్మానమును ప్రతిపాదింపుడు. మొదట అధ్యక్షుడే తన చేయి చాపవలెను, తక్కినవారు వెంబడింతురు.