కేళీల కోసం వెదుకులాట

వరి ఈనిన రోజుల్లో మా నాన్న విత్తనాల మడిలోకి దిగి కేళీలు ఏరేస్తాడు. మిగతా చేనుకంటే జానెడు ఎత్తు పెరిగిందో, ముందే వెన్ను తీసిందో, ఆ దుబ్బు గట్టు మీదికి రావలసిందే. ఆయన కొడుకునైన నేను హాస్టల్లో కూచుని కేళీలే కావాలంటున్నాను. వరిలో కాదు లెండి, బొమ్మకార్లలో!

నవ్వకండి మిత్రులారా! నా ట్రంకుపెట్టెలో ముప్ఫైఒక్క డైకాస్ట్ కార్లున్నాయి. అందులో ఆరు జతలు. "ఒకటే బండిని రెండేసి ఎందుకు కొన్నావురా?" అని దసరా సెలవుల్లో నాన్న అడిగాడు. ఒకటే కాదు నాన్నా, తిరగేసి చూడమన్నాను. ఒకదాని అడుగున రివెట్టు పక్కన చిన్న పట్టీ ఉంది, రెండోదానికి లేదు. ఆయన గోటితో తడిమి, "ఔన్రా, ఇది కేళీయే" అన్నాడు.

ఈ తేడా ఎక్కణ్నుంచి వస్తుంది? కరిగిన జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి పంపితే కారు ఒళ్లు తయారవుతుంది. అచ్చు రెండు భాగాలు కలిసేచోట సన్నని గీత మిగులుతుంది. బొమ్మను బయటికి తోసే పిన్నుల మచ్చలు లోపల గుండ్రంగా పడతాయి. వేలకు వేలు పోసేసరికి అచ్చు అరుగుతుంది. దాన్ని బాగుచేస్తారు, విరిగే చోట దళసరి చేస్తారు. చేసిన ప్రతి మరమ్మతూ తర్వాతి బొమ్మ మీద కనిపిస్తుంది.

1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ వరుసనే చూడండి. చక్రాలు మొదట లోహం, పిమ్మట బూడిదరంగు ప్లాస్టిక్, ఆపైన నల్లది. 1968లో హాట్‌వీల్స్ జోరుగా దొర్లే బళ్లతో వచ్చిపడితే, 1969లో వీళ్లూ సూపర్‌ఫాస్ట్ పేరుతో సన్నటి ఇరుసులకు దిగారు. రెండు కంపెనీల పోటీ అంతా బండి కడుపు కింద చదువుకోవచ్చు!

మనదేశానికీ ఇందులో వాటా ఉంది. ఇంగ్లండు డింకీ టాయ్స్ వాళ్ల పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి, అక్కడ నిక్కీ టాయ్స్‌గా మళ్లీ పోతకెక్కాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో రంగంతా రాలిన నిక్కీ ఒకటి నాకు దొరికింది. పక్కగదివాడు పారెయ్యమన్నాడు. నా దృష్టిలో పెట్టెలో అన్నిటికన్నా విలువైంది అదే.

రంగు తేడాలకు నేనంత విలువ ఇవ్వను. రంగు ఎవడైనా కడగ్గలడు, పుయ్యగలడు. అచ్చు తేడాను పుట్టించడం అంత సులువు కాదు. డబ్బా విప్పకుండా ధర పెరిగేదాకా దాచేవాళ్లు అడుగు తిరగేసి చూడనే చూడరు. అది హాబీయో, వడ్డీ వ్యాపారమో నాకు తెలియదు.

ఇంత మాట్లాడే నేను మొదటి సంవత్సరం లాబులో ఏం చేశానో చెప్పాలి. లఘులోలకం ప్రయోగంలో నాకు 'జి' విలువ 962 వచ్చింది. అందరిదీ 980 దగ్గర ఉంది. భయపడి 978 అని దిద్దాను. పోయిన నెల పాత రఫ్ నోట్సు కంటబడింది. పొడవు 80 సెంటీమీటర్లని ఉంది. అది దారం పొడవు. గుండు వ్యాసార్థం ఒకటిన్నర సెంటీమీటర్లు కలపడం మరిచిపోయాను! కలిపి లెక్కవేస్తే సరిగ్గా 980 వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ 962 లోనే ఉంది, నేనే చెరిపేసుకున్నాను.

రికార్డు బుక్కులో మాత్రం ఇంకా 978 ఉంది, కింద సంతకంతో సహా.