చేతికి చిక్కినవాణ్ణి చంపొచ్చా? హిడ్మా గొడవ తర్వాత మా మాట



మాడ్వి హిడ్మా చనిపోయిన రోజు మన గ్రూపులో సగం మంది "అమరుడు" అని స్టేటస్‌లు పెట్టారు, సగం మంది చప్పట్లు కొట్టారు. తిట్టుకున్నాం కూడా. అప్పుడు ప్రశాంతంగా చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్తున్నాం.

2025 నవంబర్ 18న మారేడుమిల్లి అడవిలో హిడ్మా, ఆయన భార్య, మరో నలుగురు చనిపోయారు. ఎదురుకాల్పులని పోలీసులు అన్నారు. ముందే పట్టుకుని చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. మేం అక్కడ లేం, తీర్పు చెప్పం. కానీ అదే సమయంలో విజయవాడ, ఏలూరు, కాకినాడ వైపు దాదాపు 50 మంది మావోయిస్టుల్ని పోలీసులు ప్రాణాలతోనే పట్టుకున్నారు. అంటే పట్టుకోవడం చేతకాని పనేం కాదు.

"76 మంది జవాన్లను చంపిన తాడ్‌మెట్ల దాడిలో వాడి పేరుంది, వాడికి కోర్టెందుకు" అని ఒక తమ్ముడు రాశాడు. ఆ జవాన్ల ఇళ్ళలో ఏడుపు మాకూ తెలుసు. కానీ తమ్ముడూ, ముంబైలో జనాన్ని కాల్చిన కసబ్‌ని కూడా ఈ దేశం ప్రాణాలతో పట్టుకుని, వకీలునిచ్చి, విచారించి, 2012లో శిక్ష అమలు చేసింది. అడవిలో పుట్టినోడికి ఆ పద్ధతి ఎందుకు వర్తించదు?

హిడ్మా చనిపోయింది అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో. ఆ అల్లూరిని తెల్లదొరలు ఏం చేశారు? 1924 మే 7న పట్టుకుని, విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చేశారు. దాన్ని మనం హత్యే అంటాం, వందేళ్ళుగా అంటున్నాం. ఆయన వెంట నడిచిన గాం మల్లుదొర మాత్రం కోర్టుకెళ్ళాడు, అండమాన్ జైలుకెళ్ళాడు, బతికి తిరిగొచ్చాడు. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు! ఆయన్నీ చెట్టుకి కట్టేసి కాల్చి ఉంటే మనకు ఆ ఎంపీ ఉండేవాడా?

ఇక మన పల్నాడు సంగతి. 2004 అక్టోబర్‌లో గుత్తికొండ బిలం దగ్గర సభ పెట్టిన రామకృష్ణ మన తుమ్రుకోట మనిషే. ఆ తర్వాత హైదరాబాద్‌లో చర్చలన్నారు. నాలుగు నెలలు తిరక్కుండానే అవి చెడిపోయాయి, నల్లమలలోకి గ్రేహౌండ్స్ దిగింది. తండాల్లో, చెంచుగూడేల్లో మన పెద్దోళ్ళని అడగండి. రాత్రి అన్నం పెట్టమని ఒకరు, పొద్దున్నే ఎవరికి పెట్టావని ఇంకొకరు. ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి అన్నలు చంపిన వాళ్ళలోనూ మనోళ్ళే ఉన్నారు. 2018లో అరకులో కారు ఆపి చంపిన కిడారి సర్వేశ్వరరావు, సివేరి సోమ ఇద్దరూ గిరిజన నాయకులే కదా. అదీ హత్యే. తుపాకీ పట్టుకున్నది ఎవరన్నదాన్ని బట్టి మా కొలత మారదు.

కాల్పులు జరుగుతుంటే పోలీసు తన ప్రాణం కాపాడుకోవద్దని మేం అనం. గ్రేహౌండ్స్‌ని 1989లో పెట్టిన వ్యాస్ గారినే 1993లో హైదరాబాద్‌లో నక్సలైట్లు కాల్చి చంపారు, ఆ భయం ఉత్తది కాదు. మేం అడిగేది చేతికి చిక్కినోడి గురించి. 2014లో సుప్రీంకోర్టు చెప్పింది: ఎన్‌కౌంటర్ చావు మీద ఎఫ్‌ఐఆర్ కట్టాలి, సీఐడీయో వేరే స్టేషనో దర్యాప్తు చేయాలి, మెజిస్ట్రేటు విచారణ జరగాలి, అనుమానం తీరకముందే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వొద్దు. మరి దండలెందుకు అంత తొందరగా పడతాయో!

ఇదంతా ఎందుకు రాశామంటే, మీలో చాలామంది నరసరావుపేటలో, మాచర్లలో కానిస్టేబుల్ పరీక్షకి పొద్దున్నే పరుగులు తీస్తున్నారు. రేపు గ్రేహౌండ్స్ యూనిఫాం వేసుకునేది మీలో ఒకరు కావచ్చు. ఎదురుగా చేతులెత్తి నిలబడేది ఇంకో గూడెం పిల్లోడు కావచ్చు. అప్పుడు కాల్చమని పైనుంచి ఎవరైనా అంటే, అది చట్టం ఒప్పుకునే ఆర్డరు కాదని మీకు ముందే తెలిసుండాలి.

ఆ 2014 తీర్పులోని సూచనల్ని తెలుగులో రాసి గ్రూపులో పెట్టాలనుకుంటున్నాం. లా చదివే అక్కలు, అన్నలు ఇద్దరు ముగ్గురు సాయానికి వస్తే ఈ ఆదివారమే మొదలుపెడదాం.