మూకీ సినిమాల చరిత్రలో మూగోళ్లను చేసిందెవరిని?

ఈమధ్య పాతబస్తీలో ఒకచోట పాత సినిమాల అభిమానులు కూర్చుని మూకీ చిత్రాల గురించి మాట్లాడుకుంటుంటే మేమూ పోయాం. ఎందుకు పోవద్దు? బడిలో పిల్లలకు చరిత్ర చెప్పేవాళ్లం, మా పట్నం చరిత్ర ఎవరు చెప్పినా వినాలె గద. రెండు గంటలు కూర్చున్నాం. గంగూలీ పేరు విన్నాం, నిజాం పేరు విన్నాం, ఫాల్కే పేరు విన్నాం. మావాళ్ల పేరు ఒక్కటి లేదు. లేచి అడిగితే ఒక పెద్దమనిషి నవ్వి, "అప్పట్లో మీవాళ్లు సినిమాల్లో ఎక్కడున్నారండీ?" అన్నాడు. ఆ నవ్వుకే ఈ జవాబు.

ముందు వాళ్లు చెప్పినదాంట్లో నిజాన్ని ఒప్పుకుందాం. ధీరేంద్రనాథ్ గంగూలీ బెంగాల్ మనిషి. మన పట్నంలో చిత్రకళ పంతులుగా పనిచేసినవాడు. 1922లో నిజాం అండతో ఇక్కడ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టి, 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'చింతామణి' లాంటి మూకీలు తీశాడు. సినిమా హాళ్లు కూడా నడిపాడు. 1924లో బొంబాయిలో తయారైన 'రజియా బేగం' తెచ్చి ఆడించాడు. ముస్లిం రాణి, హిందువు ప్రేమించుకునే కథ. నిజాంకు కోపమొచ్చింది, గంగూలీ మూటాముల్లె సర్దుకున్నాడు. (చరిత్రలో రజియా మీద నింద పడింది యాకూత్ అనే హబ్షీ బానిసతో. ఆ హబ్షీల వారసులు ఇప్పటికీ మన పట్నంలో ఏసీ గార్డ్స్‌లో ఉన్నారు. వాళ్లనూ ఎవరూ ఆ సభకు పిలవలేదు.)

సరే, అదే 1922లో అదే పట్నంలో ఇంకేం జరుగుతున్నదో ఆ పెద్దమనుషులకు తెలుసా? మాదరి భాగయ్య, అంటే మన భాగ్యరెడ్డి వర్మ, అప్పటికే పదహారేండ్లుగా పనిచేస్తున్నాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. హరికథలు, భజనలు చెప్పించి వాడల్లో మనుషుల్ని కూడేశాడు. 1911లో మాన్య సంఘం పెట్టాడు. మన పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో బెజవాడ సభకు అధ్యక్షత వహించి, మేం పంచములం కాదు, ఈ నేల మొదటి బిడ్డలం అని చెప్పాడు. గంగూలీకి రాజు అండ ఉంది, కెమెరా ఉంది. మనవాళ్లకు హరికథ, చిడతలు ఉన్నాయి. ఒకటి కళ అయింది, ఇంకోటి 'సంఘ సేవ' అయి వేరే అరలోకి పోయింది. ఎట్లైంది ఇది?

మూకీ అంటే మాటల్లేని సినిమా అనుకుంటారు. తప్పు. మాటలున్నాయి, అక్షరాల్లో ఉన్నాయి. బొమ్మకూ బొమ్మకూ నడుమ తెరమీద రాత పడేది. చదువొచ్చినోడు చదువుకునేవాడు. రానివాళ్ల కోసం హాల్లో ఒక మనిషి నిలబడి గట్టిగా చదివి వినిపించేవాడు. ఆ రాతను తమంతట తాము చదవగలిగిన మాల మాదిగలు ఆ రోజుల్లో ఎందరు? మనకు అక్షరం దొరకనియ్యలేదు కాబట్టి మూకీ సినిమా అందరికన్నా ఎక్కువ మూగైంది మనకే. ఈ పత్రికను ఇప్పటికీ మీ వాడలో ఒకరు చదివితే పదిమంది వింటున్నారు. సినిమా చదివి చెప్పిన ఆ మనిషి గురించి చరిత్ర రాసేటోళ్లు ఒక్క పేజీ కేటాయించరు.

ఇక కథల సంగతి. 1913లో ఫాల్కే తీసిన మొదటి పెద్ద సినిమా 'రాజా హరిశ్చంద్ర'. ఆడవేషానికి ఆడవాళ్లెవరూ రాకపోతే హోటల్లో వంటచేసే సాలుంకేతో తారామతి వేషం వేయించారని అందరూ ముచ్చటగా చెప్తారు. మంచిదే. కానీ ఆ కథలో రాజుకొచ్చిన అన్నిటికన్నా పెద్ద కష్టమేంది? కాటికాపరి కావడం! మా తాతలు తరతరాలు చేసిన పని ఒక రాజు కొన్ని దినాలు చేస్తే లోకం ఏడ్చింది. మా తాతల కోసం ఏడ్చినోడు లేడు.

"మీవాళ్లు ఎక్కడున్నారు" అన్న పెద్దమనిషికి పి.కె. రోజీ పేరు చెప్పాలి. తిరువనంతపురం దగ్గరి పులయ కుటుంబంలో పుట్టిన బిడ్డ. గడ్డి కోసి బతికింది, కాక్కారిశ్శి నాటకాల్లో ఆడింది. జె.సి. డేనియల్ తీసిన మలయాళం మొదటి సినిమా 'విగతకుమారన్'లో నాయిక ఆమే. వేసింది నాయర్ల పిల్ల వేషం. సినిమా తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో ఆడింది 1928లో అని కొందరు, 1930లో అని కొందరు అంటారు. తన సినిమా తాను చూడడానికి ఆమెను రానియ్యలేదు. పులయ పిల్ల నాయర్ల పిల్లగా కనిపించిందని, నాయకుడు ఆమె కొప్పులో పువ్వును ముద్దాడాడని అగ్రకులాలోళ్లు రాళ్లేసి తెర చింపారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. రోజీ పారిపోయి, తమిళ నాట లారీ డ్రైవర్ని పెండ్లాడి, రాజమ్మాళ్ పేరుతో బతుకు గడిపింది. మళ్లీ తెరమీదికి రాలేదు. ఇది రోజీదేనని నమ్మకంగా చెప్పగలిగిన ఫోటో కూడా లేదు. డేనియల్ పేరిట కేరళ ప్రభుత్వం 1992లో అవార్డు పెట్టింది. రోజీ పేరు మీద సినిమా పండుగ పెట్టడానికి మన పా. రంజిత్ పుట్టాల్సి వచ్చింది.

ఇంక సినిమాలేమైనా మిగిలాయా అంటే, అదీ అంతే. దేశంలో 1,300కు పైగా మూకీలు తీశారు. చేతికందినవి చాలా కొద్ది, అవీ తునకలు తునకలు. తెలుగువాళ్లు తీసిన మొదటి మూకీ, 1921 నాటి 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా పోయింది. నైట్రేట్ రీలు నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఊరికే ఉంచినా జిగటై, పొడై పోతుంది. వెండి తీసుకోవడానికి రీళ్లను కరిగించి అమ్మినవాళ్లూ ఉన్నారు. పుణెలో ఫిలిం ఆర్కైవ్ పెట్టింది 1964లో, అప్పటికి పోయేది పోయింది. రాజులు, కంపెనీలోళ్లు అండగా ఉన్న బొమ్మలే నిలవలేదంటే, కాగితం మీదికే ఎక్కని మనోళ్ల ముచ్చట ఏమై ఉంటుందో ఆలోచించండి.

1931 మార్చిలో బొంబాయిలో 'ఆలం ఆరా' వచ్చింది, సినిమాకు నోరొచ్చింది. అదే 1931లో భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పక్షపత్రిక మొదలుపెట్టాడు. మనకూ నోరొచ్చింది. ఈ రెండో సంగతి ఆ సభలో మేమే చెప్పాల్సి వచ్చింది, అదీ లైట్లు ఆపుతుంటే.

కాబట్టి పాతబస్తీలో, చాదర్‌ఘాట్ చుట్టుపక్కల, మీ ఊళ్లల్లో ఉన్న కార్యకర్తలకు ఒక పని. పాత హాళ్లలో గేటు కాడ నిలబడ్డోళ్లు, మిషను తిప్పినోళ్లు, పెట్టెలు మోసినోళ్లు, డప్పు కొట్టి సినిమా చాటింపు వేసినోళ్లు మన ఇండ్లల్లో ఎవరైనా ఉన్నారేమో ముసలోళ్లను అడగండి. తాత చెప్పిండని మనవడు చెప్పినా రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా రాయండి. కరపత్రం, టికెట్ ముక్క, ఫోటో ఏదున్నా ఇంట్లోనే ఉంచమనండి, మీరు ఫోన్లో బొమ్మ తీసుకురండి చాలు. పాత రీలు దొరికితే మాత్రం పొయ్యి దగ్గర పెట్టనియ్యకండి. ముందు మాకు కబురు చేయండి.