కొనవలసింది స్పీకర్లు కాదు, తీగలు!

మన విద్యార్థి సంఘం సాంస్కృతిక నిధిలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడల్లా ఒకే మాట లేస్తుంది: "ఈసారి పెద్ద స్పీకర్లు కొందాం." నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. స్పీకర్లు ఏ ఊళ్లోనైనా అద్దెకు దొరుకుతాయి. దొరకనిది మంచి తీగ. వేదిక మీది మైకుల నుంచి జనం వెనకాల వున్న మిక్సరు దాకా మాటను మోసుకొచ్చే మల్టీకోర్ కేబుల్, దాని రెండు కొసల్లోని పిన్నులు మనవై వుండాలి. యువజనోత్సవాలకూ, ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకూ మనతోపాటే బస్సెక్కాలి. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం తన తెరలు తానే మోసుకుంటూ ఊరూరా తిరిగింది. తెరలు అరువు తెచ్చుకుని మాయాబజారు ఆడలేరు గదా!

"తీగలో ఏముంది?" అనే మిత్రులకు ఒక చిన్న లెక్క. మన బి.ఎస్సీ. చదువు ఇక్కడ కూడా పనికిరాకపోతే మరెక్కడ పనికొస్తుంది? పాతకాలపు హై ఇంపెడెన్స్ మైకు సుమారు 50,000 ఓములు. మైకు తీగకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ అనుకుందాం. పది మీటర్లు లాగితే 1,000 పికోఫారడ్లు. ఆర్‌సీ సూత్రంలో వేసి చూడండి, 3,200 హెర్ట్జ్ దాటిన ధ్వనులన్నీ తగ్గుతూ పోతాయి. మన 'స' పలికేది ముఖ్యంగా ఆ పైనే. అదే 200 ఓముల మైకయితే, వంద మీటర్లు లాగినా ఆ హద్దు 80,000 హెర్ట్జ్ దగ్గర వుంటుంది. మనిషి చెవి 20,000 దాటి వినదు. అంచేత "హాలు పెద్దది, అందుకే గొంతు మొద్దుబారింది" అని సరిపెట్టుకోవటం కుదరదు.

ఇక రొద సంగతి. మైకు ఇచ్చేది మిల్లీవోల్టులు. పక్కనే సీరియల్ సెట్లు, లైట్ల డిమ్మర్లు, వెనక జనరేటరు. రొద కలవక ఏమవుతుంది? అందుకే ఒక్కొక్క మైకుకు రెండు తీగలు మెలిపెట్టి వుంటాయి. ఒకదానిలో సంకేతం ధనంగా, రెండోదానిలో రుణంగా నడుస్తుంది. బయటి రొద మాత్రం రెంటిలోనూ ఒకేలాగ పడుతుంది. గతుకుల్లో బస్సు ఎగిరితే ఒకే సీటులోని ఇద్దరూ ఒకేసారి ఎగురుతారు, వాళ్ల మధ్య ఎడం మారదు. మిక్సరు చూసేది ఆ ఎడాన్నే. ఇలాంటి జతలు పన్నెండో పదహారో ఒకే తొడుగులో వుంటే అదే మల్టీకోర్.

అన్ని మల్టీకోర్‌లూ ఒకటి కావు. గోడలో శాశ్వతంగా పరిచేదానికి అల్యూమినియం రేకు షీల్డు చాలు, చవక కూడాను. రోజూ చుట్టి విప్పేదానికి అది సరిపడదు. మడిచి మడిచి రేకు చిట్లుతుంది. మనకు కావలసింది సన్నటి రాగిపోగుల షీల్డు, లోపల కూడా గట్టి కడ్డీతీగ కాక పోగులతీగ, పైన చలికి బిగుసుకోని మెత్తని తొడుగు. కొట్లో వేలితో వంచి చూస్తే సగం తెలుస్తుంది. మా నాన్నకు ఓమ్ సూత్రం తెలియదు. కాని బోరు మోటారు ఆగితే ఆయన ముందు అనుమానించేది మోటారును కాదు, కేబుల్ జాయింటును. చాలాసార్లు ఆయనే నెగ్గుతాడు.

జాయింటు అన్నాను గనక పిన్నుల మాట. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కొనాలి. లాస్ ఏంజిలెస్‌లోని కానన్ కంపెనీ పుట్టించినది కాబట్టి కొందరు కానన్ పిన్ను అంటారు. ఒకటి షీల్డు, రెండు ధనం, మూడు రుణం. పెట్టేటప్పుడు ఒకటో పిన్ను ముందు తగులుతుంది. పెట్టాక కొక్కెం పడుతుంది, కాలు తగిలినా ఊడదు. అతికేటప్పుడు రెండూ మూడూ తారుమారైతే మాత్రం బుర్రకథ పాడైనట్లే. కథకుడి మైకూ పక్కనున్న వంత మైకూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గొంతులు పీలగా వస్తాయి. జనం పాపం పాడేవాళ్లను తిట్టుకుంటారు!

పెద్ద బృందాలు జతలన్నిటినీ ఒకే పెద్ద మల్టీపిన్ కనెక్టర్‌లో పెడతాయి. అర నిమిషంలో బిగింపు అయిపోతుంది, నిజమే. అది లారీ చక్రం కింద పడితే పదహారు మైకులూ ఒక్కసారే మూగబోతాయి, మరొకటి మన ఊళ్లో దొరకదు. ఎక్స్‌ఎల్‌ఆర్ విరిగితే పోయేది ఒక్క మైకే. సోల్డరింగ్ ఐరన్ పట్టగలిగిన ఏ కుర్రాడైనా బాగుచేస్తాడు. డిజిటల్ స్నేక్ గురించీ నాదిదే మాట. ఒక్క నెట్‌వర్క్ తీగ వంద మీటర్ల వరకు అన్నిటినీ మోస్తుంది, గొప్పే. ఆ తీగ చవకే కాని రెండు వైపులా పెట్టెలు చవక కావు, దానికి తగిన మిక్సరూ వుండాలి. అద్దె మిక్సరుతో ఏ ఊరు పోయినా పనిచేసేది మనకు కావాలి.

ఒక్క విషయంలో మాత్రం హాస్యం చేయలేను. "బుయ్" మని హమ్ రాగానే మన దగ్గర చేసే వైద్యం, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును తీసేయటం. ఇది నేను కళ్లారా చూశాను. హమ్ పోతుంది. దాంతోపాటు ప్రాణరక్షణా పోతుంది. ఆంప్లిఫయరులో ఎక్కడ లీకు వున్నా ఆ కరెంటు మైకు ఇనప జాలీ మీదికి వస్తుంది, పాడేవాడి పెదవి దానికి తగులుతుంది. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటార్ వాద్యకారుడు, సరిగా ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే చనిపోయాడు. హమ్ పోవాలంటే సంకేతం దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. కరెంటు ఎర్త్‌ను ముట్టుకోరాదు. మన మెత్తటి ఎన్.ఎస్.ఎస్. మైదానాల్లో, చెప్పులు విడిచి వేదికెక్కే మన అలవాటులో, ఇది మరీ ముఖ్యం.

అంచేత నా ప్రతిపాదన: పన్నెండు జతలు, యాభై మీటర్లు, వేదిక వైపు ఇనప పెట్టె, మిక్సరు వైపు విడివిడి తోకలు. ఎనిమిది మైకులకు, రెండు వేదిక స్పీకర్లకు, రెండు అక్కరకు. ప్రతి తోకకూ రెండు కొసలా నంబరు. తీగను మోచేతికి చుట్టేవాడికి తాళంచెవి ఇవ్వకూడదు. అలా చుడితే లోపలి పోగులు మెలిపడతాయి. అతికే పని నేనూ, నా రూమ్మేటూ చేస్తాం. భౌతికశాస్త్ర విభాగంవారు రెండు సాయంత్రాలు లాబొరేటరీ తలుపు తెరిచి వుంచితే చాలు.